450 గ్రాముల నమ్మకం

మృగశిర కార్తె వస్తే చాలు... వరంగల్‌లో విత్తనాల దుకాణాల ముందు రైతులు బారులు తీరతారు. అరకిలో కూడా లేని ఓ ప్యాకెట్టు కోసం! ఆ గింజను ఎవరు చెబితే కొంటారు? ఏం చూసి నమ్ముతారు? బీటీ పత్తి పల్లెకొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఈ ప్రశ్నకు జవాబు ప్యాకెట్టు మీద ఉండదు. స్టేషన్ రోడ్డు నుంచి పత్తి చేను దాకా, అక్కణ్నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా ఓసారి వెళ్లొస్తే దొరుకుతుంది.

రోహిణి ఎండలు ఇంకా పూర్తిగా తగ్గవు. మబ్బు అలా కనిపించి ఇలా మాయమవుతుంది. కానీ వరంగల్ స్టేషన్ రోడ్డు చుట్టుపక్కల మాత్రం అప్పటికే వానాకాలం మొదలైపోతుంది. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణాల ముందు రంగురంగుల ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. వాటి నిండా మనిషెత్తు పత్తి చెట్లు, విచ్చుకున్న తెల్లటి కాయలు! పరకాల, ఆత్మకూరు, నర్సంపేట, పర్వతగిరి వైపు నుంచి వచ్చిన బస్సులు దిగి, భుజం మీద తువ్వాలుతో, జేబులో మడిచిపెట్టుకున్న చీటీతో రైతులు ఆ మెట్లెక్కుతారు. చీటీలో ఉండేది ఒక్కటే మాట. పోయినేడు ఊళ్లో ఎవరి చేను విరగకాసిందో, వాళ్లు వేసిన గింజ పేరు.

‘సేటూ, గీ విత్తనం ఉన్నదా?’

ఉంటే సరే. లేకపోతేనే రెండో ప్రశ్న... ‘మరేది మంచిగుంటది?’

దుకాణదారు నోటి నుంచి వచ్చే ఆ జవాబు మీద ఓ ఇంటి ఏడాది బతుకు ఆధారపడి ఉంటుంది.

కంటికి ఆనని గుణం

వడ్లగింజను రైతు పంటికింద వేసి కొరికి చూస్తాడు. జొన్నకంకిని అరచేతిలో నలిపి చూస్తాడు. కందులు చేటలో పోసి చెరిగితే తాలేదో గట్టిదేదో ఇంటి ఆడవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. బీటీ పత్తి గింజ దగ్గర ఈ విద్యలేవీ పనికిరావు. మందు పట్టించి రంగు పూసిన గింజలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి.

దాని గుణమంతా లోపలే. నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తిలో ప్రవేశపెట్టారు. బీటీ అన్న పేరు ఆ బ్యాక్టీరియాదే. దాంతో మొక్క తనంతట తానే ఒక మాంసకృత్తిని తయారుచేసుకుంటుంది. కాయతొలుచు పురుగు ఆకునో కాయనో కొరికితే అది పురుగు పేగును దెబ్బతీస్తుంది. పురుగు తిండి మానేసి చచ్చిపోతుంది. అయితే ఈ రక్షణ కాయతొలుచు పురుగుల వరకే. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగుల మీద దాని పప్పులుడకవు.

ఇంకో సంగతీ ఉంది. మన దేశంలో బీటీ పత్తి దాదాపుగా సంకర విత్తనాల రూపంలోనే వచ్చింది. ప్రపంచంలో మొట్టమొదటి వాణిజ్య సంకర పత్తి హెచ్-4 పుట్టింది మన దేశంలోనే, 1970లో సూరత్‌లో. సంకర విత్తనం వేసిన చేలోంచి గింజ తీసి మళ్లీ వేస్తే పంట ఒకేలా రాదు. కాబట్టి ప్రతి జూన్‌లోనూ దుకాణం మెట్లెక్కాల్సిందే. జన్యువు రాకముందే రైతు చేతిలోంచి విత్తనం జారిపోయిందన్నమాట!

ఆ ఏడాది మరిచిపోలేరు

కొత్త గింజను వరంగల్ పల్లెలు ఎందుకంత ఆశగా అందుకున్నాయో తెలియాలంటే పాత గాయం గుర్తుచేసుకోవాలి.

ఒకప్పుడు ఇక్కడ జొన్న, కంది, వేరుశనగే ఎక్కువ. రేగడి భూములు వెతుక్కుంటూ గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు పెద్దఎత్తున పత్తి వేయడం, వాళ్ల చేలు చూసి స్థానికులూ అటు మళ్లడం... అలా తెల్లబంగారం పాకింది. రేగడిలో మొదలైంది చెల్కలకూ, దుబ్బ నేలలకూ ఎక్కింది. కాలువ నీళ్లున్నచోటే కాదు, మొగులు మీదే ఆధారపడ్డచోటా పత్తే.

1997-98లో అకాల వానలు, వాటి వెంటే పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు మూకుమ్మడిగా విరుచుకుపడ్డాయి. పది, పదిహేనుసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. మందు అప్పు మాత్రం పెరిగింది. చేను చేతికి రాక, అప్పు తీరే దారిలేక వరంగల్ జిల్లాలో ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది పురుగును చంపలేకపోయిన ఆ మందునే.

అలాంటి ఊళ్లకు ‘మందు కొట్టక్కర్లేదు, చెట్టే పురుగును చంపుతుంది’ అనే మాట చేరితే ఎలా ఉంటుంది? సైన్సు పాఠంలా వినపడదు. ప్రాణం పోసే కబురులా వినపడుతుంది.

తొలి అడుగు తడబడింది

2002 మార్చి 26న కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ అనుమతుల కమిటీ మూడు బీటీ పత్తి సంకరాలకు పచ్చజెండా ఊపింది... మెక్-12, మెక్-162, మెక్-184. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్టు ధర రూ.1,600 పైమాటే. మామూలు సంకర విత్తనంతో పోలిస్తే మూడు నాలుగు రెట్లు. చిన్న రైతు జంకాడు. ముందుగా వేసింది నీళ్లూ డబ్బూ ఉన్నవాళ్లే. మిగతావాళ్లు గట్టు మీద నిలబడి చూశారు.

చూసింది అంత బాగాలేదు. ఆ రకాలు వరంగల్ నేలకు, వానకు నప్పలేదన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరికి 2005లో ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు.

కథ అక్కడితో ముగిసిపోవాలి. కానీ ముగియలేదు! అదే జన్యువు వేరే సంకరాల్లోకి ఎక్కింది. ఆర్‌సీహెచ్-2, ఆ తర్వాత మల్లిక, బన్నీ... ఇవి మన చేలల్లో బాగా కాశాయి. జన్యువు కాయను కాపాడుతుంది కానీ కాయ కాయించలేదు. ఆ పని మొక్కది, నేలది, నీళ్లది. రైతులు ఈ తేడాను గట్టు మీద నిలబడే గ్రహించారు. అందుకే ‘బీటీ మంచిదా, కాదా’ అని ఎవరూ అడగరు. ‘ఏ బీటీ?’ అని అడుగుతారు.

దీనికి ధర కూడా తోడైంది. 2006లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం విత్తన ధర మీద కేంద్ర గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. ఆ ఏడాదే ప్యాకెట్టు ధర రూ.750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల ధరను ప్రభుత్వమే నిర్ణయించేలా రాష్ట్రం చట్టం చేసింది. రెండెకరాల రైతు కూడా ఇక గట్టు దిగాడు. కొన్నేళ్లకే దేశంలో పత్తి వేసే భూమిలో 90 శాతానికి పైగా బీటీయే!

గూడెప్పాడు నేర్పిన పాఠం

వరంగల్ నుంచి ములుగు దారి పడితే, రామప్ప గుడికి, మేడారానికి వెళ్లే బస్సులన్నీ గూడెప్పాడు మీదుగానే పోతాయి. ఒకప్పటి వరంగల్ జిల్లా ఊరు, 2021 నుంచి హనుమకొండ జిల్లాలో ఉంది. రోడ్డుకు అటూ ఇటూ పత్తి, మక్క, మిరప చేలు. ప్రయాణికులకు ఇది దాటిపోయే కూడలి. కానీ పత్తి రైతు విత్తనాన్ని ఎలా ఎంచుకుంటాడో అధ్యయనం చేసినవాళ్లకు ఈ చుట్టుపక్కల ఊళ్లు బాగా తెలుసు.

అప్పట్లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో పనిచేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ 2000 నుంచి ఏళ్లతరబడి వరంగల్ పల్లెల్లో తిరిగి, ఎవరు ఏ విత్తనం కొన్నారో ఇల్లిల్లూ లెక్కలు రాసుకున్నాడు. 2007లో ఆయన ప్రచురించిన వ్యాసంలో చెప్పిన సంగతి ఆసక్తికరం. ఒక ఊళ్లో ఈ ఏడు దాదాపు అందరూ ఒకే విత్తనం వేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి దాన్ని అందరూ వదిలేసి ఇంకోదాని వెంట పడతారు. పక్క ఊళ్లో అదే సమయంలో మరో పేరు మారుమోగుతుంటుంది. నేలా అదే, వానా అదే. మారింది గాలివాటమే!

రైతుకు తెలివిలేదని కాదు దీనర్థం. పరీక్షించి చూసే వీలు లేకపోవడమే అసలు చిక్కు. 2012 నాటికే దేశంలో వెయ్యికి పైగా బీటీ సంకరాలకు అనుమతులొచ్చాయి. ఒకే గింజ రెండు మూడు పేర్లతో తిరగొచ్చు, ఒకే పేరు వచ్చే ఏడాదికి మాయమైపోవచ్చు. ఒక రకాన్ని అర్థం చేసుకోవాలంటే మూడు నాలుగు కార్తెలన్నా చూడాలి. ఈలోగా మార్కెట్టే మారిపోతే ఎలా నేర్చుకుంటాడు? తండ్రి నుంచి కొడుక్కు రావాల్సిన విత్తన జ్ఞానం అక్కడ తెగిపోయిందంటాడు స్టోన్.

ఆయన తర్వాత తెలంగాణ పత్తి ఊళ్లలో పనిచేసిన పరిశోధకుడు ఆండ్రూ ఫ్లాక్స్ 2019లో ఓ పుస్తకం ప్రచురించాడు. ఏం చూసి విత్తనం కొన్నారని అడిగితే రైతులు మళ్లీమళ్లీ చెప్పే మాట ఆయనకు తెలుగులోనే గుర్తుండిపోయింది... ‘మంచి దిగుబడి’. అది లెక్కగట్టిన సంఖ్య కాదు, ఓ ఆశ. పక్కోడి చేలో కనిపించిన తెల్లదనం తన చేలోనూ కనిపించాలన్న ఆశ.

పక్కోడికి బోరుంది, తనకు లేదు. పక్కోడిది రేగడి, తనది చెల్క. ఆ తేడాలు గట్టు మీంచి కనపడవు.

ఉద్దెర ఖాతా చెప్పే రహస్యం

విత్తనం వెనక ఇంకో బలమైన చెయ్యి ఉంది. అది ఉద్దెర. బ్యాంకు అప్పు పట్టాదారుకు దొరకొచ్చు. కౌలు రైతుకు దొరకడం గగనం. అతనికి గింజ, యూరియా, మందు... అన్నీ ఒకే దుకాణంలో ఖాతా మీద వస్తాయి. నూటికి రెండో మూడో మిత్తి నెలనెలా పెరుగుతుంది. ఖాతా ఎవరిదో విత్తనం మాటా వాళ్లదే. ‘ఇది తీస్కపో, మస్తు కాస్తది’ అంటే కాదనలేడు. కాదంటే రేపు మందుకు ఎవరి గడప తొక్కాలి?

కౌలు ముందే కట్టినవాడికి పంట మీద ప్రయోగాలు చేసే ధైర్యం ఉండదు. నిజానికి విత్తనం ఖర్చు మొత్తం పెట్టుబడిలో చిన్నదే. 2024లో బీటీ-2 ప్యాకెట్టు ధర రూ.864. అంతకు ఎన్నో రెట్లు ఎరువుకు, కలుపుకు, ఏరుడుకు అవుతుంది. కానీ ఆ మిగతా ఖర్చంతా ఈ చిన్న ప్యాకెట్టు మీద పెట్టే పందెం. అందుకే గింజ దగ్గర తప్పటడుగు వేయడానికి ఎవరూ సాహసించరు. నలుగురితో పాటు వేస్తే, పోయినా నలుగురితో పాటే పోతుందన్న ధీమా!

చేలో పని లెక్క కూడా చిన్నదేం కాదు. పత్తిలో కలుపు తీసేది, దూది ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. నాట్ల కాలంలో కైకిలోళ్లు దొరక్క గడ్డి మొక్కను మింగేస్తుంది. ఆ అవసరంలోంచే కలుపుమందును తట్టుకునే విత్తనం దొంగచాటుగా పల్లెల్లోకి దిగింది. దానికి ప్రభుత్వ అనుమతి లేదు. సంచిలో లూజుగా, బిల్లు లేకుండా అమ్ముతారు. 2017 నుంచీ దాడులు, కేసులు నడుస్తున్నా ఆగలేదు. మొలవకపోతే అడిగే దిక్కుండదని తెలిసీ కొంటారు. గుజరాత్‌లోనూ 2001లో ఇదే జరిగింది. బీటీకి ఇంకా అనుమతి రాకముందే నవభారత్-151 అనే బీటీ పత్తి అక్కడి చేలల్లో బయటపడింది. అవసరం ముందు పరుగెడుతుంది, చట్టం వెనక నడుస్తుంది.

గులాబీ పురుగు తిరిగొచ్చింది

మరి ఇంతకీ బీటీ లాభించిందా? దీని మీద పండితులే రెండు వర్గాలు. జర్మనీ పరిశోధకులు కథాగే, ఖైమ్ 2002 నుంచి 2008 వరకు మన రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల చిన్న రైతుల లెక్కలు తీశారు. బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయని 2012లో తేల్చారు. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ మాజీ డైరెక్టర్ కేఆర్ క్రాంతి, స్టోన్‌తో కలిసి 2020లో ఇరవై ఏళ్ల లెక్క తీశారు. దిగుబడి పెరుగుదలలో ఎరువులకూ, ఇతర మందులకూ పెద్ద వాటా ఉందనీ, పురుగుమందుల ఖర్చు మళ్లీ బీటీ రాకముందు కంటే ఎక్కువైందనీ చెప్పారు.

దేశ సగటు చూస్తే 2002-03లో హెక్టారుకు 300 కిలోలకు అటూఇటూ ఉన్న దూది 2007-08 నాటికి 550 కిలోలకు చేరింది. 2022-23లో మళ్లీ 450 దరిదాపులకు పడిపోయింది. ఆ పడిపోవడంలో గులాబీరంగు పురుగు పాత్ర ఉంది. మొదటి జన్యువును అది తట్టుకుంటోందని గుజరాత్‌లో బయటపడింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ-2 కూడా తర్వాతి పదేళ్లలో దాని ముందు నిలవలేదు. పువ్వు విప్పుకోకుండా ముడుచుకుపోయి ‘గుడ్డిపూలు’ కనిపించాయంటే రైతు గుండె జారిపోతుంది. పురుగు లోపలికి చేరిందని గుర్తు.

ఇది రాకుండా చూసే ఉపాయం మొదటి రోజు నుంచే పెట్టెలో ఉంది! బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవారు. చేను చుట్టూ వాటిని వేస్తే అక్కడ పెరిగిన పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకట్టి ఆ మొండితనాన్ని పలచబరుస్తాయి. కానీ మూడెకరాల రైతుకు ‘పురుగు కోసం చేను వదులు’ అంటే ఎలా మింగుడుపడుతుంది? అవి చాలాచోట్ల గట్టు మీదే పడిపోయాయి. ఎవరూ విడమరిచి చెప్పలేదు. తర్వాత ఆ గింజల్ని అదే ప్యాకెట్టులో కలిపి అమ్మడం మొదలైంది.

కలిసి వద్దనుకున్న ఊరు

వరంగల్ నుంచి ఈసారి హైదరాబాద్ దారి పడితే జనగామ వస్తుంది. ఆ జిల్లాలోనే, లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనెబావి అనే చిన్న పల్లె ఉంది. యాభై దాకా కుటుంబాలు. అందరూ వెళ్లిన దారిలో వెళ్లని ఊరిది.

ఎర్ర గొంగళిపురుగును మంటలు పెట్టి, సామూహికంగా అరికట్టడంతో ఇక్కడ మార్పు మొదలైంది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, చెరువు మట్టి, పశువుల ఎరువు... ఒక్కో అడుగూ వేస్తూ మొదట పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు మానేశారు. 2006లో తమది రసాయనాలు, జన్యుమార్పిడి విత్తనాలు లేని ఊరని ప్రకటించుకున్నారు. స్వచ్ఛంద సంస్థల చేయూత వాళ్లకు దొరికింది.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. ఏ ఒక్క రైతో వద్దనుకుంటే కాలేదు ఇది. ఊరంతా కూర్చుని అనుకుంటే అయింది. గూడెప్పాడు వైపు రైతులు పక్క చేను చూసి బీటీ వేసినట్టే, ఏనెబావి రైతులు పక్క చేను చూసి వద్దన్నారు. కావాలన్నా, వద్దన్నా చిన్న రైతు ఒంటరిగా నిర్ణయం తీసుకోడు. తీసుకోలేడు. అతనికి కావాల్సింది గింజ ఒక్కటే కాదు, పక్కన నిలబడి నిజం చెప్పే మనిషి. ఆ మనిషి దుకాణదారైతే ఒక దారి, ఊరే అయితే ఇంకో దారి. తన నేలలో ఏది నిలుస్తుందో మూడేళ్లు చూసి చెప్పే వ్యవసాయ అధికారి ఉంటే మరో దారి. ఆ మూడో దారే మన పల్లెల్లో సన్నగా ఉంది.

మళ్లీ అదే ప్రశ్న

దసరా, దీపావళి దాటాక ప్రయాణం ఎనుమాముల మార్కెట్‌కు చేరుతుంది. తెల్లవారకముందే పత్తి బస్తాల ట్రాలీలు, ఆటోలు గేటు ముందు బారులు తీరతాయి. యార్డు నిండా తెల్లటి గుట్టలు. కొనేవాళ్లు బస్తాలోకి చెయ్యి పెట్టి దూది లాగి చూస్తారు. తేమ ఎంత? ఎనిమిది శాతమా, పన్నెండు దాటిందా? పింజ పొడవెంత? రంగు తగ్గిందా?

ఏ విత్తనమని మాత్రం ఎవరూ అడగరు. జూన్‌లో అన్ని రాత్రులు నిద్ర పట్టనివ్వని ఆ పేరు ఇక్కడ ఎవరికీ పట్టదు. కాంటా అవుతుంది, అడ్తిదారు చీటీ రాస్తాడు, అందులోంచి ఉద్దెర తీసేస్తాడు. మిగిలింది జేబులో పెట్టుకుని రైతు బస్సెక్కుతాడు.

పక్క సీట్లో తనలాంటివాడే ఇంకొకడు. ఇద్దరి బట్టల మీదా దూది పోగులు. కాసేపు మౌనం. తర్వాత ఒకరు మెల్లగా అడుగుతారు...

‘అన్నా, నీకు ఎకరానికి ఎన్ని క్వింటాళ్లచ్చినయ్?’

జవాబు విన్నాక రెండో ప్రశ్న.

‘ఏం విత్తనమే అది?’

ఆ పేరు వచ్చే జూన్‌లో మళ్లీ ఓ చీటీలోకి ఎక్కుతుంది. చెప్పినాయన చేలో బోరుందో లేదో, అది రేగడో చెల్కో... ఆ మూడో ప్రశ్న కూడా అడిగేలోగా ఊరొచ్చేస్తుంది.